రసాయన బంధం: బట్టీ పట్టకుండా నేర్చుకుందాం
(ఉప్పు కల్లు నుంచి కొల్లూరు వజ్రం దాకా)

పదో తరగతిలో గానీ ఇంటర్ మొదటి సంవత్సరంలో గానీ "రసాయన బంధం" పాఠం దగ్గరికి వచ్చేసరికి మన హాస్టల్ పిల్లల్లో చాలామంది పాఠ్యపుస్తకం మూసి గైడు తెరుస్తారు. అయానిక బంధం నిర్వచనం, సంయోజనీయ బంధం నిర్వచనం, రెండింటికీ భేదాలు ఐదు. ఈ మూడూ కంఠస్థం చేసి పరీక్షకు వెళ్తారు. ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే కలం ఆగిపోతుంది. అక్కడి నుంచే "సైన్సు మనకు రాదు, ఆర్ట్స్ గ్రూపు తీసుకుందాం" అనే మాట మొదలవుతుంది. ఇష్టపడి ఆర్ట్స్ తీసుకుంటే మంచిదే. ఒక పాఠానికి భయపడి డాక్టరు, ఇంజనీరు, ల్యాబ్ టెక్నీషియన్, సైన్సు టీచరు అయ్యే దారులన్నీ మూసుకోవడం మాత్రం మంచిది కాదు.

ఈ హాస్టల్లో చదివి వెళ్ళిన మేము, మీలో ట్యూషన్ లేనివారికి ఉపయోగపడాలనే ఈ వ్యాసం రాస్తున్నాం. ఇందులో లెక్కలు తక్కువ, "ఎందుకు" అనే ప్రశ్నలు ఎక్కువ. పక్కన నోటు పుస్తకం, పెన్సిలు పెట్టుకుని చదవండి.

1. బంధం అంటే ఏమిటి?

ఒక గోళీని నేల మీద దొర్లించండి. దారిలో గుంత ఉంటే అందులో పడి ఆగుతుంది. దాన్ని బయటికి తీయాలంటే మనం శక్తి ఖర్చు పెట్టాలి. రసాయన బంధం కూడా ఇలాంటి గుంతే.

రెండు హైడ్రోజన్ పరమాణువులు దూరదూరంగా ఉన్నాయనుకుందాం. దగ్గరికి వచ్చేకొద్దీ ఒకదాని కేంద్రకం రెండోదాని ఎలక్ట్రాన్‌ను కూడా ఆకర్షిస్తుంది. మొత్తం శక్తి తగ్గుతూ వస్తుంది. కేంద్రకాల మధ్య దూరం 0.074 నానోమీటర్లు అయినప్పుడు శక్తి అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఇంకా దగ్గరికి నెడితే ధనావేశం గల రెండు కేంద్రకాలూ వికర్షించుకుని శక్తి మళ్ళీ పెరుగుతుంది. ఆ కనిష్ఠ శక్తి గల దూరమే బంధ దూరం. ఆ గుంత లోతే బంధ శక్తి. హైడ్రోజన్ అణువుకు అది మోలుకు 436 కిలోజౌళ్ళు.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. బంధం ఏర్పడినప్పుడు శక్తి విడుదల అవుతుంది. బంధం తెగాలంటే శక్తి కావాలి. "బంధాలు తెగడం వల్ల శక్తి వస్తుంది" అని చాలామంది తిరగేసి రాస్తారు. వంటగ్యాసు మండేటప్పుడు పాత బంధాలు తెగడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. అందుకే మొదట అగ్గిపుల్ల గీయాలి. తర్వాత కార్బన్ డై ఆక్సైడ్‌లోనూ నీటిలోనూ కొత్త బంధాలు ఏర్పడి అంతకంటే ఎక్కువ శక్తి బయటికి వస్తుంది. ఆ తేడాతోనే మన అన్నం ఉడుకుతుంది.

2. ఎనిమిది లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

నియాన్, ఆర్గాన్ వంటి వాయువులు మామూలుగా దేనితోనూ కలవవు. వాటి బాహ్య కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లున్నాయి. హీలియంకు మాత్రం రెండే. ఈ విషయాన్ని ఆధారం చేసుకుని 1916లో ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరుగా బంధాన్ని వివరించారు. జర్మనీకి చెందిన కోసెల్, ఎలక్ట్రాన్లు ఒక పరమాణువు నుంచి మరొకదానికి బదిలీ కావడం గురించి చెప్పాడు. అమెరికాకు చెందిన లూయిస్, రెండు పరమాణువులు ఎలక్ట్రాన్ జంటను పంచుకోవడం గురించి చెప్పాడు. మనం వేసే చుక్కల బొమ్మలు లూయిస్ ఇచ్చినవే.

ఈ అష్టక నియమం ఒక గుర్తు మాత్రమే, చట్టం కాదు. బోరాన్ ట్రై ఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరు ఎలక్ట్రాన్లే ఉంటాయి. ఫాస్ఫరస్ పెంటా క్లోరైడ్ చుక్కల బొమ్మలో ఫాస్ఫరస్ చుట్టూ పది, సల్ఫర్ హెక్సా ఫ్లోరైడ్ బొమ్మలో సల్ఫర్ చుట్టూ పన్నెండు వస్తాయి. "జడ వాయువులు" అనుకున్న వాటిలో జినాన్‌తో 1962లో నీల్ బార్ట్‌లెట్ సమ్మేళనం తయారు చేసి చూపించాడు. కాబట్టి "ఎనిమిది కోసం" అని రాసి ఊరుకోకండి. "శక్తి తగ్గి స్థిరత్వం రావడం కోసం" అని రాయండి. జవాబుకు బలం వస్తుంది.

3. అయానిక బంధం: ఉప్పు కథ

సోడియం మెత్తని లోహం. నీటిలో వేస్తే భగ్గుమంటుంది. క్లోరిన్ విష వాయువు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో దాన్ని ఆయుధంగా వాడారు. ఈ రెండూ కలిస్తే మన పప్పులో వేసుకునే ఉప్పు. ఇదెలా సాధ్యం?

సోడియం ఎలక్ట్రాన్ విన్యాసం 2, 8, 1. క్లోరిన్‌ది 2, 8, 7. సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి ధన అయాన్ అవుతుంది. క్లోరిన్ దాన్ని తీసుకుని ఋణ అయాన్ అవుతుంది. వ్యతిరేక ఆవేశాలు ఆకర్షించుకుంటాయి. ఇంతవరకు గైడులో ఉంటుంది. ఇక లేని సంగతి చూద్దాం.

సోడియం తన ఎలక్ట్రాన్‌ను "ఇష్టంగా ఇచ్చేస్తుంది" అనుకుంటాం. నిజానికి ఆ ఎలక్ట్రాన్‌ను లాగాలంటే మోలుకు సుమారు 496 కిలోజౌళ్ళు ఖర్చు. క్లోరిన్ దాన్ని తీసుకున్నప్పుడు తిరిగి వచ్చేది 349 మాత్రమే. అంటే బదిలీ వరకే చూస్తే 147 కిలోజౌళ్ళు నష్టం! మరి ఉప్పు ఎందుకు ఏర్పడుతుంది? లెక్క మొత్తం వేద్దాం.

ఖర్చులు:
ఘన సోడియంను విడి పరమాణువులుగా మార్చడానికి: 108
క్లోరిన్ అణువును విడదీయడానికి (అర మోలుకు): 121
సోడియం నుంచి ఎలక్ట్రాన్ తీయడానికి: 496
మొత్తం ఖర్చు: 725

రాబడులు:
క్లోరిన్ ఎలక్ట్రాన్ తీసుకోవడం వల్ల: 349
అయాన్లన్నీ స్ఫటికంగా పేర్చుకోవడం వల్ల: 787
మొత్తం రాబడి: 1136

మిగులు 411 కిలోజౌళ్ళు. ఈ మిగులు వల్లే ఉప్పు స్థిరంగా ఉంటుంది. ఇంటర్లో "బార్న్-హేబర్ వలయం" అనే పెద్ద పేరుతో వచ్చేది ఈ జమాఖర్చుల లెక్కే. ఇందులో అసలు బలం 787 దగ్గర, అంటే జాలక శక్తి దగ్గర ఉంది. ఒక్క సోడియం అయాన్, ఒక్క క్లోరైడ్ అయాన్ కలవడం కాదు, కోట్ల కోట్ల అయాన్లు వరుసగా పేర్చుకోవడమే ఉప్పుకు ప్రాణం.

ఆ పేర్పు ఎలా ఉంటుందో 1913లో ఎక్స్-కిరణాలతో కనుగొన్నవారు బ్రాగ్ తండ్రీకొడుకులు. ఇద్దరికీ కలిపి 1915లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి కొడుకు వయసు 25 ఏళ్ళే. వారు తేల్చింది ఇది: ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు. ఎవరికి ఎవరు జత అని చెప్పడానికే వీల్లేదు. అందుచేత ఘన ఉప్పులో "సోడియం క్లోరైడ్ అణువు" అనేది లేదు. ఈ మాట ఆ రోజుల్లో పెద్దవాళ్ళకే మింగుడు పడలేదు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పేరున్న రసాయన శాస్త్రవేత్త 1927లో కూడా "నేచర్" పత్రికకు లేఖ రాసి దీన్ని ఎగతాళి చేశాడు. చివరికి నిలిచింది బ్రాగ్‌ల మాటే.

ఈ నిర్మాణం తెలిస్తే ఉప్పు ధర్మాలను బట్టీ పట్టనక్కర లేదు, వాటంతట అవే వస్తాయి.

• ద్రవీభవన స్థానం 801 డిగ్రీల సెల్సియస్. ఎందుకంటే కరగాలంటే అన్ని వైపులా ఉన్న బలమైన ఆకర్షణను సడలించాలి. బెల్లం, చక్కెర పొయ్యి మీద పాకమవుతాయి గానీ ఉప్పు కాదు.

• ఘన స్థితిలో విద్యుత్తు ప్రవహించదు. అయాన్లు ఉన్నా కదలలేవు. కరిగించినా, నీటిలో కలిపినా కదులుతాయి కాబట్టి ప్రవహిస్తుంది.

• సుత్తితో కొడితే పగులుతుంది. ఒక పొర కొంచెం జరగగానే ధనానికి ధనం, ఋణానికి ఋణం ఎదురుపడి వికర్షించుకుంటాయి.

• ఆవేశం పెరిగితే ఆకర్షణ పెరుగుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్‌లో రెండేసి ఆవేశాలు. దాని ద్రవీభవన స్థానం సుమారు 2800 డిగ్రీలు.

చేసి చూడండి: గ్లాసు వేడి నీటిలో కరిగినంత ఉప్పు కలిపి, తేట నీటిని పళ్ళెంలో పోసి, కదపకుండా రెండు మూడు రోజులు ఉంచండి. అడుగున చిన్న చిన్న చదరపు పలుకులు కనిపిస్తాయి. నౌపడ ఉప్పు మడుల్లో సముద్రపు నీరు ఎండి ఉప్పు పేరుకునేదీ ఇలాగే. కంటికి కనిపించే ఆ నలుచదరం లోపలి అయాన్ల పేర్పుకు గుర్తు.

4. సంయోజనీయ బంధం: పంచుకోవడం

రెండు క్లోరిన్ పరమాణువులు కలిసినప్పుడు ఎవరు ఎవరికి ఇవ్వాలి? ఇద్దరికీ ఏడేసి ఉన్నాయి. అందుకని చెరొక ఎలక్ట్రాన్ వేసి ఒక జంటను పంచుకుంటాయి. ఆక్సిజన్‌లో రెండు జంటలు, నైట్రోజన్‌లో మూడు జంటలు.

జంటలు పెరిగేకొద్దీ బంధం గట్టిపడుతుంది. ఆక్సిజన్ ద్విబంధం శక్తి మోలుకు 498 కిలోజౌళ్ళు. నైట్రోజన్ త్రిబంధానిది 945. ఈ 945 అనే అంకె వెనుక మన రైతుల కష్టం ఉంది. గాలిలో 78 శాతం నైట్రోజనే అయినా పంటకు నేరుగా అందదు. ఆ త్రిబంధాన్ని తెంచాలి. ఫ్యాక్టరీలో ఇనుము ఉత్ప్రేరకంతో, 400 డిగ్రీలు దాటిన వేడిలో, అధిక పీడనంలో దాన్ని తెంచి అమ్మోనియా చేసి, దాని నుంచి యూరియా తీస్తారు. మన ఇళ్ళవాళ్ళు క్యూలో నిలబడి తెచ్చుకునే బస్తా అదే. వేరుశనగ, కంది, పెసర మొక్కల వేర్ల బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా మాత్రం పొలం వేడిలోనే ఆ పని చేస్తుంది. పప్పు పంట వేసిన చేనుకు బలం వస్తుందని మన తాతలు చెప్పేది ఇందుకే.

పంచుకోవడం అన్నిసార్లూ సమానంగా ఉండదు. ఎలక్ట్రాన్ జంటను తనవైపు లాక్కునే గుణాన్ని ఋణవిద్యుదాత్మకత అంటారు. లైనస్ పౌలింగ్ దీనికి ఒక కొలమానం ఇచ్చాడు. సుమారుగా ఫ్లోరిన్ 4.0, ఆక్సిజన్ 3.5, నైట్రోజన్ 3.0, క్లోరిన్ 3.0, కార్బన్ 2.5, హైడ్రోజన్ 2.1, సోడియం 0.9. రెండు పరమాణువుల మధ్య ఈ తేడా సున్నా అయితే సమాన పంపకం. కొంచెం ఉంటే ధ్రువ సంయోజనీయ బంధం. తేడా 1.7 కంటే ఎక్కువైతే అయానిక స్వభావం ఎక్కువని ఒక స్థూల అంచనా. సోడియం, క్లోరిన్ మధ్య తేడా 2.1 అని మీరే లెక్క వేయండి. దీన్నిబట్టి అయానిక, సంయోజనీయ బంధాలు రెండు వేరు వేరు గదులు కావని, ఒకే వీధికి రెండు చివరలని తెలుస్తుంది. పౌలింగ్ రసాయన శాస్త్రంలో 1954లో నోబెల్ బహుమతి పొందాడు. తర్వాత అణు పరీక్షలకు వ్యతిరేకంగా నిలబడి 1962 సంవత్సరపు శాంతి బహుమతి కూడా అందుకున్నాడు.

5. అణువుల ఆకారం: నాలుగు బుడగలు చాలు

వార్షికోత్సవానికి కట్టిన బుడగల్లో నాలుగు దాచుకోండి. ఒకే సైజుకి ఊది, మూతుల దగ్గర కలిపి కట్టండి. రెండు కడితే ఎదురెదురుగా నిలుస్తాయి. మూడు కడితే త్రిభుజంలా విచ్చుకుంటాయి. నాలుగు కడితే మనం ఏమీ చేయకుండానే చతుర్ముఖి ఆకారం వస్తుంది. ఒకదానికొకటి వీలైనంత ఎడంగా ఉండాలని అవి చూస్తాయి.

కేంద్ర పరమాణువు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ జంటలూ అంతే. 1957లో గిలెస్పీ, నైహోమ్ అనేవారు వివరంగా చెప్పిన "వేలన్సీ కర్పర ఎలక్ట్రాన్ జంట వికర్షణ సిద్ధాంతం" సారం ఇదే. పేరు పొడుగు, విషయం సులువు. ఒకే ఒక షరతు: బంధంలో లేని ఒంటరి జంట కొంచెం ఎక్కువ చోటు తీసుకుని బంధ జంటలను దగ్గరికి నెడుతుంది.

మీథేన్: నాలుగు బంధ జంటలు. చతుర్ముఖీయం. కోణం 109.5 డిగ్రీలు.
అమ్మోనియా: మూడు బంధ జంటలు, ఒక ఒంటరి జంట. పిరమిడ్ ఆకారం. కోణం సుమారు 107 డిగ్రీలు.
నీరు: రెండు బంధ జంటలు, రెండు ఒంటరి జంటలు. వంగిన ఆకారం. కోణం 104.5 డిగ్రీలు.

మూడింటిలోనూ జంటలు నాలుగే. ఒంటరి జంటలు పెరిగేకొద్దీ కోణం తగ్గింది. ఈ వరుస అర్థమైతే మూడు అంకెలూ మరచిపోరు.

ఆకారం వల్ల ఏమి తేడా? కార్బన్ డై ఆక్సైడ్ సరళరేఖలా ఉంటుంది. రెండు పక్కలా ఉన్న ఆక్సిజన్లు సమానంగా లాగడం వల్ల మొత్తం మీద ధ్రువత్వం లేదు. నీరు వంగి ఉంది కాబట్టి ఆక్సిజన్ వైపు కొంచెం ఋణం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనం నిలుస్తాయి. నీరు వంగి ఉండకపోతే ఉప్పు అందులో ఇంత సులువుగా కరిగేది కాదు.

6. హైడ్రోజన్ బంధం: కుండ నీళ్ళు చల్లగా ఎందుకుంటాయి?

హైడ్రోజన్ సల్ఫైడ్ అణుభారం 34. నీటి అణుభారం 18. బరువైనది ఆలస్యంగా మరగాలి కదా! కానీ హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నాకు 60 డిగ్రీలు దిగువనే మరిగి వాయువవుతుంది. నీరు 100 డిగ్రీల దాకా ద్రవంగా ఉంటుంది. కారణం హైడ్రోజన్ బంధం.

ఒక నీటి అణువులోని హైడ్రోజన్, పక్క అణువులోని ఆక్సిజన్ ఒంటరి జంట వైపు ఆకర్షితమవుతుంది. ఈ ఆకర్షణ మోలుకు సుమారు 20 కిలోజౌళ్ళే. నీటి అణువు లోపలి ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం 460 పైన. ఒక్కొక్కటిగా చూస్తే బలహీనమే అయినా లెక్కలేనన్ని కలిసి నీటిని నీరుగా నిలుపుతున్నాయి. సల్ఫర్‌కు ఋణవిద్యుదాత్మకత తక్కువ కాబట్టి అక్కడ ఈ బంధం లెక్కలోకి రాదు. నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్ అనే మూడు పేర్లు గుర్తుంచుకోండి.

కుండ గోడల సన్నని రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరూ పక్క అణువులను వదిలించుకోవడానికి సుమారు 2,400 జౌళ్ళ వేడిని లోపలి నీటి నుంచి తీసుకుంటుంది. అందుకే మే నెల ఎండలోనూ కుండ నీళ్ళు చల్లన.

మంచు గడ్డలో ప్రతి అణువు నాలుగు అణువులతో హైడ్రోజన్ బంధాలు కట్టుకుని, మధ్యలో ఖాళీలు వదిలి నిలబడుతుంది. అందుచేత సాంద్రత తగ్గి నీటిపై తేలుతుంది. చలి దేశాల్లో సరస్సులు పైన గడ్డకట్టినా అడుగున చేపలు బతికేది దీనివల్లే.

7. లోహ బంధం: స్టీలు పళ్ళెం, సిల్వర్ గిన్నె

లోహంలో పరమాణువులు తమ బాహ్య ఎలక్ట్రాన్లను ఉమ్మడిలో వదిలేస్తాయి. ధన అయాన్లు వరుసగా, వాటి చుట్టూ అందరివీ అయిన ఎలక్ట్రాన్లు సముద్రంలా ఉంటాయి. ఎలక్ట్రాన్లు కదలగలవు కాబట్టి ఘన స్థితిలోనే విద్యుత్తు, వేడి ప్రవహిస్తాయి. మనం సిల్వర్ గిన్నె అని పిలిచే అల్యూమినియం గిన్నె కింద పడితే సొట్ట పడుతుంది గానీ ఉప్పు కల్లులా పగలదు. పొరలు జరిగినా మధ్యలో ఎలక్ట్రాన్లు ఉండి పట్టుకుంటాయి. "ఉప్పు పగులుతుంది, లోహం సాగుతుంది, ఎందుకు?" అని అడిగితే ఈ రెండు వాక్యాలే జవాబు.

8. ఒకే కార్బన్, రెండు రూపాలు

కృష్ణా నది ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు గనులు ఒకప్పుడు ప్రపంచ ప్రసిద్ధం. కోహినూరు అక్కడే దొరికిందని చెబుతారు. ఆ వజ్రంలో ఉన్నదీ మీ పెన్సిలు ముల్లులో ఉన్నదీ ఒకే మూలకం. 1797లో స్మిత్సన్ టెన్నంట్ వజ్రాన్ని కాల్చి అది శుద్ధ కార్బన్ అని నిరూపించాడు. తేడా అంతా బంధాల పేర్పులోనే ఉంది.

వజ్రంలో ప్రతి కార్బన్ నాలుగు కార్బన్లతో చతుర్ముఖీయంగా కట్టుబడి ఉంటుంది. ఎటు చూసినా 0.154 నానోమీటర్ల గట్టి బంధాలే. అందుకే అంత కాఠిన్యం. నాలుగు ఎలక్ట్రాన్లూ బంధాల్లో బిగిసి ఉన్నందున విద్యుత్తు ప్రవహించదు.

గ్రాఫైట్‌లో ప్రతి కార్బన్ మూడింటితోనే కలిసి షడ్భుజాల పొరగా ఏర్పడుతుంది. పొరలో బంధ దూరం 0.142 నానోమీటర్లు, పొరకూ పొరకూ మధ్య 0.335. పొరల మధ్య ఆకర్షణ బలహీనం కాబట్టి సులువుగా జారుతాయి. మనం రాసినప్పుడు కాగితం మీద మిగిలేది ఆ పొరలే. నాలుగో ఎలక్ట్రాన్ పొరంతా తిరుగుతుంది కాబట్టి విద్యుత్తు ప్రవహిస్తుంది. పెన్సిలును రెండు చివరలా చెక్కి, టార్చి బ్యాటరీలు, చిన్న ఎల్.ఇ.డి. దీపం వలయంలో పెట్టి చూడండి. ఎల్.ఇ.డి. కాళ్ళు ఏ వైపు పెట్టాలో సార్‌ను అడగండి. గోడ ప్లగ్గు జోలికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వెళ్ళకండి.

1985లో అరవై కార్బన్లు బంతిలా కలిసిన ఫుల్లరిన్‌ను కనుగొన్నారు. దానికి 1996లో నోబెల్ వచ్చింది. 2004లో మాంచెస్టర్ శాస్త్రవేత్తలు గ్రాఫైట్ ముక్క నుంచి సెల్లో టేపుతో ఒకే ఒక్క పొరను ఊడదీసి గ్రాఫీన్‌ను వేరు చేశారు. దానికి 2010లో నోబెల్ వచ్చింది.

9. మన ఊరి నీళ్ళలో బంధాల సంగతి

ఈ పాఠం పరీక్షకే కాదు, మన ఎముకలకూ సంబంధించింది. ఫ్లోరైడ్ వ్యాధి మన ప్రాంతంలో ఉందని 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో జరిగిన పరిశోధన ప్రకటించింది. నల్గొండ, ప్రకాశం జిల్లాల పల్లెల నుంచి వచ్చినవారికి దీని గురించి వేరే చెప్పనక్కర లేదు.

ఎముకలో, పంటిలో ఉండే ముఖ్య ఖనిజం ఒక అయానిక పదార్థం. కాల్షియం అయాన్లు, ఫాస్ఫేట్ అయాన్లు, హైడ్రాక్సైడ్ అయాన్లు వరుసగా పేర్చిన స్ఫటికం. ఫ్లోరైడ్ అయాన్‌కు హైడ్రాక్సైడ్ అంతే ఆవేశం, ఇంచుమించు అంతే పరిమాణం. అందువల్ల దాని చోటులో వచ్చి కూర్చుంటుంది. కొద్ది మోతాదులో పంటికి మేలే. ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదు తాగితే పళ్ళు గార పట్టినట్టవుతాయి, ఎముకలు బిరుసెక్కి వంగుతాయి. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనీ భారతీయ ప్రమాణం చెబుతోంది.

"నీళ్ళు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుంది" అని కొందరు అంటారు. ఇప్పుడు మీరే ఆలోచించండి. ఫ్లోరైడ్ అయాన్ రూపంలో ఉంది. దాని చుట్టూ నీటి అణువులు చేరి పట్టుకుని ఉన్నాయి. కాచినప్పుడు ఆవిరయ్యేది నీరే, అయాన్ కాదు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న 10 లీటర్ల నీటిని 8 లీటర్లయ్యేదాకా మరిగిస్తే, మొత్తం 20 మిల్లీగ్రాములు ఆ 8 లీటర్లలోనే మిగులుతాయి. అంటే లీటరుకు 2.5. తగ్గలేదు, పెరిగింది! కాచడం వల్ల క్రిములు చస్తాయి. అది వేరే లాభం. ఫ్లోరైడ్ తగ్గాలంటే దాన్ని పట్టుకునే పదార్థం కావాలి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించిన "నల్గొండ పద్ధతి"లో పటిక, సున్నం కలుపుతారు. అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టులా ఏర్పడి ఫ్లోరైడ్‌ను తనతో పాటు అడుక్కి తీసుకుపోతుంది. ఏది ఎంత కలపాలన్నది నీటిని పరీక్షించి నిర్ణయించాలి, మనం అందాజుగా వేయకూడదు. అన్నిటికంటే మంచిది ఫ్లోరైడ్ లేని నది నీరు, చెరువు నీరు శుద్ధి చేసి తాగడం. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ కాచే సంగతి అమ్మకు, అమ్మమ్మకు చెప్పండి.

10. పరీక్షలో ఎలా రాయాలి?

ధర్మం అడిగితే మూడు మెట్లలో రాయండి: ఏ కణాలు ఉన్నాయి, వాటి మధ్య ఏ ఆకర్షణ ఉంది, అందువల్ల ఏమి జరుగుతుంది.

ఉదాహరణకు "సోడియం క్లోరైడ్ ద్రవీభవన స్థానం ఎక్కువ. ఎందుకు?" అనే ప్రశ్నకు "అది అయానిక పదార్థం కాబట్టి" అంటే సగం జవాబే. ఇలా రాయండి: "సోడియం క్లోరైడ్‌లో ధన, ఋణ అయాన్లు జాలకంగా అమరి ఉంటాయి. ప్రతి అయాన్‌ను ఆరు వ్యతిరేక అయాన్లు బలంగా ఆకర్షిస్తాయి. ఈ ఆకర్షణను అధిగమించడానికి ఎక్కువ శక్తి కావాలి. అందువల్ల ద్రవీభవన స్థానం ఎక్కువ." నాలుగే వాక్యాలు. పక్కన చిన్న బొమ్మ వేయండి.

చుక్కల బొమ్మ వేసేటప్పుడు ముందు మొత్తం వేలన్సీ ఎలక్ట్రాన్లు లెక్కించండి, తర్వాత బంధ జంటలు పెట్టండి, చివర ఒంటరి జంటలు పెట్టండి. మొత్తం సరిపోయిందో లేదో మళ్ళీ లెక్కించండి. ఒంటరి జంటలు మరచిపోతే ఆకారం కూడా తప్పుతుంది.

11. మీరే ప్రయత్నించండి

1. ఉప్పు నీటిలో విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది, చక్కెర నీటిలో ప్రవహించదు. ఎందుకు?
2. అమ్మోనియాలో జంటలు నాలుగైనా ఆకారం చతుర్ముఖి అని ఎందుకు అనం?
3. కార్బన్-ఆక్సిజన్ బంధం ధ్రువ బంధమే. అయినా కార్బన్ డై ఆక్సైడ్ అణువుకు ధ్రువత్వం లేదు. ఎలా?
4. చక్కెర నీటిలో కరుగుతుంది, కిరోసిన్ కరగదు. కారణం చెప్పండి.
5. వజ్రం, గ్రాఫైట్‌లలో విద్యుత్తు ప్రవహించేది ఏది? ఏ ఎలక్ట్రాన్ వల్ల?

సూచనలు: (1) ఉప్పు అయాన్లుగా విడిపోతుంది, చక్కెర అణువులుగానే ఉంటుంది. (2) ఆకారానికి పరమాణువుల స్థానాలే చూస్తాం, ఒంటరి జంటను లెక్కించం. (3) సరళరేఖలో రెండు లాగుళ్ళూ సమానం, వ్యతిరేకం. (4) చక్కెరలోని ఆక్సిజన్-హైడ్రోజన్ సమూహాలు నీటితో హైడ్రోజన్ బంధాలు కడతాయి. కిరోసిన్‌లో అవి లేవు. (5) గ్రాఫైట్. బంధంలో బిగియని నాలుగో ఎలక్ట్రాన్.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రోజుకు రెండు శీర్షికల చొప్పున చదివితే వారం తిరక్కుండా ఈ పాఠం మీ సొంతమవుతుంది. చదివిన దాన్ని పక్క మంచం స్నేహితుడికి పుస్తకం చూడకుండా చెప్పండి. ఎక్కడ ఆగిపోతే అక్కడే మళ్ళీ చదవాలని అర్థం. అర్థం కాని చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకుని మర్నాడు బడిలో సార్‌ను, మేడమ్‌ను అడగండి. అడగడానికి సిగ్గుపడకండి. తొమ్మిదో తరగతి వాళ్ళకు పదో తరగతి వాళ్ళు, పదో తరగతి వాళ్ళకు ఇంటర్ వాళ్ళు ఆదివారం ఒక గంట చెబితే మన హాస్టల్లో ఈ పాఠానికి భయపడేవారు ఉండరు. సైన్సు గ్రూపు తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టాన్ని బట్టి తేలాలి, ఒక పాఠం మీద భయాన్ని బట్టి కాదు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. పబ్లిక్ పరీక్షలు రాయబోతున్న వారికి మా ఆశీస్సులు.